అన్‌యాంగ్‌లోని యిన్‌షూ: బీజింగ్ నుంచి ఒక్క రోజులో చూసి రావచ్చా?

ప్రశ్న: కృష్ణాతీరం

ఉద్యోగరీత్యా కొంతకాలంగా బీజింగ్‌లో ఉంటున్నాను. వచ్చే నెలలో మా అమ్మ, నాన్నగారు ఇక్కడికి వస్తున్నారు. నాన్నగారు హైస్కూలులో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. మహాకుడ్యం, రాజప్రాసాదం ఎలాగూ చూస్తాం కానీ, మూడు వేల ఏళ్ల క్రితం చైనాను ఏలిన షాంగ్ వంశపు రాజుల చివరి రాజధాని అయిన యిన్‌షూను చూడాలన్నది ఆయన ప్రత్యేకమైన కోరిక. ఇక్కడి సహోద్యోగులను అడిగితే, అక్కడ చూడటానికి ఏమీ ఉండదనీ, దానికి బదులు షియాన్ వెళ్లి మట్టి సైనికులను చూడమనీ చెబుతున్నారు. మాకు ఉన్నది ఒక్క శనివారం మాత్రమే. ఆ ఒక్క రోజు యిన్‌షూకు సరిపోతుందా? వెళితే నిజంగా కంటికి కనిపించేది ఏమిటి? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, పైగా ఇద్దరూ శాకాహారులు. వెళ్లివచ్చిన వారు ఎవరైనా వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: శాసనప్రియ

కృష్ణాతీరం గారూ, ఒక్క రోజు సరిపోతుంది. బీజింగ్ పశ్చిమ స్టేషన్ నుంచి అన్‌యాంగ్ తూర్పు స్టేషన్‌కు హైస్పీడ్ రైలులో రెండు, రెండున్నర గంటల ప్రయాణం. ఉదయం పెందలాడే బయలుదేరితే, రాత్రి భోజనం వేళకు తిరిగి ఇంటికి చేరుకోవచ్చు. కానీ ఏం చూడబోతున్నామన్నది ముందే తెలుసుకుని వెళ్లకపోతే, మీ సహోద్యోగుల మాటే నిజమనిపిస్తుంది.

శిథిలాలు అనగానే మన కళ్ల ముందు హంపి మెదులుతుంది. యిన్‌షూలో అలాంటి రాతి కట్టడం ఒక్కటి కూడా లేదు. షాంగ్ రాజులు దిమ్మిస కొట్టి గట్టిపరచిన మట్టి అరుగుల మీద కొయ్య స్తంభాలు నిలిపి, పైన గడ్డి కప్పు వేసి భవనాలు కట్టుకున్నారు. 1928లో మొదలై 1937 వరకు సాగిన తవ్వకాలలో షియావ్‌టున్ గ్రామం దగ్గర ఇటువంటి భవనాల పునాదులు 53 బయటపడ్డాయి. పరిశీలన పూర్తయ్యాక వాటిని తిరిగి మట్టితో కప్పి, ఏ భవనం ఎక్కడ ఉండేదో తెలిసేలా నేల మీద గుర్తులు పెట్టారు. అందువల్ల రాజమందిరాల ఆవరణలో నడుస్తున్నంతసేపూ ఒక పెద్ద తోటలో తిరుగుతున్నట్టే ఉంటుంది.

ఆ తోటలో తప్పకుండా ఆగవలసిన చోట్లు మూడు ఉన్నాయి. మొదటిది ఫూ హావ్ సమాధి. ఈమె క్రీస్తుపూర్వం 13వ శతాబ్దంలో పాలించిన వూ డింగ్ రాజు భార్య. షాంగ్ రాజుల సమాధులన్నీ ఏనాడో దోపిడీకి గురికాగా, ఈమెది మాత్రం 1976 వరకు ఎవరి చేతా పడకుండా మిగిలింది. సుమారు ఏడున్నర మీటర్ల లోతున్న ఆ గోతిలో 468 కంచు వస్తువులు, జేడ్ అనే విలువైన రాతితో చేసిన 755 వస్తువులు, 6,000కు పైగా గవ్వలు దొరికాయి. ఆ గవ్వలు మనం అష్టాచెమ్మాకు వాడే జాతివే. వెచ్చని సముద్రాలలో తప్ప పెరగని ఆ గవ్వలు అంత ఉత్తరాన, నడి మైదానంలో ఉన్న రాణి సమాధిలోకి చేరాయంటే, ఎన్ని చేతులు మారి ఉంటాయో నాన్నగారిని ఊహించమనండి. రాణితోపాటు పదహారు మంది మనుషులను, ఆరు కుక్కలను కూడా పాతిపెట్టారు. సమాధిలో ఇప్పుడు ప్రదర్శనకు ఉంచినవి నకళ్లే.

రెండవది, వైహెచ్127 అని పిలిచే గొయ్యి. 1936లో ఇందులో 17,000కు పైగా శకునపు ఎముకల ముక్కలు, అంటే శకునం చూడటానికి వాడి అక్షరాలు చెక్కిన తాబేటి డిప్పల, ఎముకల ముక్కలు, ఒకే చోట దొరికాయి. విడివిడిగా ఏరితే దెబ్బతింటాయని, చుట్టూ ఉన్న మట్టితో సహా ఒకే ముద్దగా పైకి తీసి, పెట్టెలో బిగించి నాన్‌జింగ్‌కు తరలించి, అక్కడ తీరికగా విడదీశారు. మూడవది రథాల గోతులున్న హాలు. రథాల కొయ్య ఎప్పుడో కుళ్లి మట్టిలో కలిసిపోయింది. ఆ కొయ్య ఉన్న చోట మట్టి రంగులో, మెత్తదనంలో మిగిలిన తేడాను పట్టుకుని, చక్రాల ఆకులనూ కాడినీ మట్టిలోనే చెక్కినట్టు బయటికి తెచ్చిన పనితనం అది. నాకైతే ఇవి కంచు పాత్రల కన్నా గొప్పవనిపించాయి.

2024 ఫిబ్రవరిలో తెరిచిన కొత్త మ్యూజియం హ్వాన్ నదికి ఆవలి ఒడ్డున ఉంది. శకునపు ఎముకలను అసలువి చూడాలంటే అక్కడికే వెళ్లాలి. అందరూ అక్షరాలున్న వైపే చూసి కదిలిపోతారు, మీరు మాత్రం వెనుక వైపు కనిపించే ముక్కల కోసం వెదకండి. తాబేలు కడుపు డిప్పకు గానీ, ఎద్దు భుజపుటెముకకు గానీ వెనుక వరుసగా చిన్న గుంటలు తొలిచి ఉంటాయి. ఆ పలుచని చోట నిప్పు తాకిస్తే ముందు వైపు పగులు వస్తుంది. ఆ పగులును బట్టి రాజు శకునం చెప్పేవాడు, అడిగిన ప్రశ్నను పక్కనే చెక్కేవారు. కొన్నిటి మీద ఆ తరువాత జరిగినది కూడా రాసి ఉంటుంది. ఫూ హావ్ కాన్పు గురించి అడిగిన ఒక ప్రశ్నకు, ఫలానా రోజుల్లో ప్రసవిస్తే శుభమని రాజు చెప్పాడు. ముప్పైఒక్క రోజుల తరువాత ప్రసవం జరిగిందనీ, శుభం కాలేదనీ, ఆడపిల్ల పుట్టిందనీ కింద రాసి ఉంది. పదమూడు వేల సైన్యంతో యుద్ధానికి వెళ్లినట్టు ఇటువంటి ఎముకల మీదే నమోదైన రాణి గురించి, ఆమె ఇంట్లోనే రాసుకున్న మాట ఇది!

జవాబు: గోదారిగట్టు

పై జవాబు చదివాక కాదనడం కష్టమే కానీ, రెండవ వైపు కూడా ఒక మాట చెప్పాలి. నాన్నగారి సంగతి సరే, అమ్మగారి మాటేమిటి? ఆసక్తి లేనివారికి ఎండలో మట్టి అరుగుల గుర్తులు చూస్తూ తిరగడం శిక్షే అవుతుంది. షియాన్‌లో అయితే చరిత్ర తెలియకపోయినా, బారులు తీరిన ఆ సైనికులను చూసిన మరుక్షణం నోట మాట రాదు. కాకపోతే షియాన్‌కు ఒక్క శనివారం చాలదు. హైస్పీడ్ రైలులో వెళ్లడానికే నాలుగు గంటలకు పైగా పడుతుంది కాబట్టి, రాత్రి బస తప్పదు. మీకున్నది నిజంగా ఒక్క రోజే అయితే అన్‌యాంగే నయం, సెలవు కలిసివస్తే మాత్రం షియాన్‌కే నా ఓటు.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. అన్‌యాంగ్‌లో బియెన్‌ఫెన్‌సాయ్ అనే వేడి వేడి గిన్నె వంటకం చాలా ప్రసిద్ధం. పైకి వెడల్పాటి సేమ్యా, ఆకుకూర, టోఫూలతో మనకు తగినట్టే కనిపిస్తుంది కానీ, అందులో గడ్డకట్టిన పంది రక్తపు ముక్కలు వేస్తారు. మాంసం, గుడ్డు, మాంసపు పులుసు ఏదీ వద్దని చైనా లిపిలో రాయించి ఫోనులో ఉంచుకోండి. శనివారం ఒక్క పూటే కాబట్టి, పులిహోర కట్టుకుని వెళ్లడం అన్నిటికన్నా సుఖం.

కృష్ణాతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మతో మాట్లాడాను, నాన్నగారితోనే వస్తానంటోంది. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులను దృష్టిలో పెట్టుకుని ఏది ముందు చూడాలి? సమాధిలోని అసలు వస్తువులు అక్కడ లేకపోతే మరెక్కడ ఉన్నాయి?

జవాబు: శాసనప్రియ

రాజమందిరాల ఆవరణను ఉదయం చల్లని పూట ముగించుకుని, మధ్యాహ్నం మ్యూజియంలో గడపండి. ఆవరణలో నేల చదునుగానే ఉంటుంది కానీ, నడక ఎక్కువ. రాజ సమాధుల విభాగం నదికి ఉత్తరాన వేరుగా ఉంది. అక్కడ వెయ్యికి పైగా బలి గుంటలు బయటపడ్డాయి. చరిత్ర మాస్టారు కాబట్టి చూడాలనే అంటారు గానీ, మోకాళ్ల కోసం దానిని వదిలేయమని నా సలహా. రైలు టికెట్లకూ మ్యూజియం ప్రవేశానికీ పాస్‌పోర్టు వివరాలు కావాలి కాబట్టి, ముగ్గురి అసలు పాస్‌పోర్టులూ వెంట ఉంచుకోండి.

ఫూ హావ్ సమాధిలోని ముఖ్యమైన వస్తువులు కొన్ని మీరున్న బీజింగ్‌లోనే, నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. రెండు పులుల మధ్య మనిషి తల ఉన్న ఆమె గండ్రగొడ్డలి అక్కడిదే. గుడ్లగూబ ఆకారంలోని జంట మద్యపాత్రలలో ఒకటి అక్కడ, రెండవది జెంగ్‌జోలోని హెనాన్ మ్యూజియంలో ఉన్నాయి. 832 కిలోలకు పైగా బరువున్న హౌమూవూ అనే కంచు పాత్ర కూడా నేషనల్ మ్యూజియంలోనే ఉంది. 1939లో అన్‌యాంగ్ దగ్గరి రైతులు దానిని తవ్వి తీసి, ముక్కలుగా కోయబోయి, సాధ్యం కాక, జపాన్ సైన్యం కంట పడకుండా మళ్లీ పాతిపెట్టారు. దానికున్న రెండు చెవులలో ఒకటి తరువాత అతికించినది. ఏదో మాస్టారు గారినే కనిపెట్టమనండి. ఆ మ్యూజియానికి సోమవారం సెలవు, మిగిలిన రోజుల్లో కూడా ముందుగా బుక్ చేసుకోనిదే లోపలికి రానివ్వరు. ప్రాచీన చైనా విభాగం నేల కింది అంతస్తులో ఉంటుంది.