"కీ ఉంది గానీ తూగు లేదు": తూగా, ఊగా?

రాజాం: వాచీలు బాగుచేసేవాళ్ల నోట విన్న మాట సగమే గుర్తుంది. "కీ ఉంది గానీ తూగు లేదు" అనా, "ఊగు లేదు" అనా? వాచీ పాత ఎచ్ఎమ్‌టీ జనతా. నిండా కీ ఇచ్చినా గంటకో రెండు గంటలకో నిలిచిపోతంది, కదిపితే మళ్లీ ఆడతంది. ఆ 'త' సంగతి తేలితే జబ్బేటో కూడా తెలుస్తాదనిపిస్తంది.

చీపురుపల్లి: తూగే. ఊగు క్రియ, దాని నామం ఊపు. "ఊపు లేదు" అంటాం గానీ "ఊగు లేదు" అనం. తూగు రెండూ అవుతుంది. బస్తా తూగుతుంది, పద్యానికి తూగుంటుంది.

టెక్కలి: నిఘంటువులో నామంగా లేదు కాబట్టి జనం అనరు అనే వాదన, గిడుగు వారు పుట్టిన జిల్లాలో నిలవదు మాస్టారూ. పనివాడి నోట ఊగే సహజం. చక్రం ఎంత దూరం ఊగుతోందన్నదే అక్కడ లెక్క. నిండా కీ ఇచ్చి డయల్ పైకి ఉండేలా పడుకోబెడితే, బ్యాలెన్స్ చక్రం (వాచీ ఆడుతున్నప్పుడు అటూ ఇటూ ఊగే చక్రం) మధ్య నుంచి ఒక్కో పక్కకీ 270 డిగ్రీల దాకా, అంటే ముప్పావు చుట్టు తిరగాలి. పాత వాచీకి 250 వచ్చినా మంచిదే. 200 కిందికి దిగిందంటే నిలువుగా పెట్టినప్పుడు ఆగిపోవడం మొదలు.

ఆమదాలవలస: మాటకంటే ముందు, ఎక్కడ ఆగుతోందో చూడండి. రోజూ ముళ్లు ఒకే చోట ఆగితే ఒక ముల్లు ఇంకోదానికి తగులుతోందన్నమాట, లేదా ముళ్ల కింది చక్రాల్లో ఒక పన్ను పాడైంది. ఒక్క భంగిమలోనే ఆగితే బ్యాలెన్స్ ఇరుసు కొన గాని, పక్కకి రాసుకునే హెయిర్‌స్ప్రింగ్ (ఆ చక్రాన్ని మళ్లీ మధ్యకి లాగే సన్నటి చుట్ట స్ప్రింగు) గాని. ఎక్కడ పడితే అక్కడ ఆగితే ఎండిన నూనె, మురికి.

తర్వాత మూత తీసి బ్యాలెన్స్‌ని, దాన్ని పట్టి ఉంచే బ్రిడ్జితో సహా జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టండి. కాస్త కీ ఉండగా, చెక్క పుల్ల కొనతో పాలెట్ ఫోర్కును (కీ బలాన్ని చక్రాల నుంచి బ్యాలెన్స్‌కి అందించే చిన్న మీట) ఒక పక్కకి మెల్లిగా నెట్టాలి. సగం దూరం నెట్టగానే మిగతా సగం అదే టక్కున దూకాలి. దూకితే కీ బలం అక్కడి దాకా వస్తోంది, తప్పు బ్యాలెన్స్ వైపు. నీరసంగా పాకితే తప్పు కింద చక్రాల్లో. ఫోర్కు తీయాలనుకుంటే ముందు కీ పూర్తిగా వదలాలి: కీ బొత్తాన్ని వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, క్లిక్ (కీ వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కెం) పక్కకి తోసి, మెల్లిగా జారనివ్వాలి. అలా వదలకుండా ఫోర్కు తీస్తే చక్రాలన్నీ గిర్రున తిరిగిపోయి ఇరుసులు విరుగుతాయి.

నూనె విషయంలో చెయ్యి కట్టేసుకోండి. కొబ్బరినూనె చుక్క వేస్తే నాలుగు రోజులు బాగా ఆడి, ఆ తర్వాత జిగురవుతుంది. హెయిర్‌స్ప్రింగ్‌కి ఏ నూనే తగలకూడదు, తగిలితే చుట్లు అతుక్కుంటాయి. "కీ ఎక్కువైపోయి ఆగింది" అనే మాట కూడా నమ్మొద్దు. నిండా కీ ఉండీ ఆడకపోతే మురికే ఎక్కువ అనుమానించాలి.

బొబ్బిలి: "కీ ఎక్కువైంది" మీద వేరే చర్చ పెట్టాలి, ఎంత మంచి మాట! తూగు దగ్గరికొస్తే, గురజాడ వారి ముత్యాలసరం చూడండి. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. ఒక అడుగు పొట్టి, ఒక అడుగు పొడుగు, అయినా ఎక్కడా కుంటదు. అది తూగు. ఊగడమంటే ఉత్త కదలిక. తూగడమంటే కదిలి, త్రాసు ముల్లులా మళ్లీ మధ్యకి రావడం. ఇంగ్లీషువాళ్లూ ఆ చక్రానికి త్రాసు పేరే పెట్టారు, బ్యాలెన్స్ అని.

నెల్లిమర్ల: ఆ నడక గురజాడతో మొదలవలేదు, వృషభగతి రగడ అనే పాత ఛందస్సులో ముందే ఉంది. పైగా వాచీకి తకిట తకధిమి పనికిరాదు. జనతా గంటకు 18,000 దెబ్బలు కొడుతుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య 200 మిల్లీసెకన్లు. రెండు దెబ్బల 400ని మూడూ నాలుగూగా పంచితే 171, 229. అంత తేడా ఉన్న వాచీ కీ ఇస్తే దానంతట అది మొదలవ్వదు. సమంగా వినపడాలి, టిక్కుకీ టిక్కుకీ మధ్య ఒకటే ఎడం. కీ పూర్తిగా వదిలి, చక్రం ఆగాక చూడండి. ఫోర్కు రెండు అడ్డుల నడి మధ్యన నిలవాలి. ఒక పక్కకి ఒరిగి ఉంటే తూగు తప్పినట్టే.

చీపురుపల్లి: "తూగు తప్పింది" అన్నారు చూడండి, మీకు తెలీకుండానే!

టెక్కలి: తప్పడానికి తూగు, చాలకపోవడానికి ఊగు. రెండూ వేరు జబ్బులు. రాజాం వారు విన్నది "లేదు" కదా, అంటే చాలడం లేదనే.

బొబ్బిలి: రగడ గురించి ఒక్క మాట. రగడలో పాదం 28 మాత్రలు. గురజాడ దాన్ని 14 దగ్గర విరిచారు, నాలుగో పాదాన్ని పొట్టి చేసే వెసులుబాటూ తీసుకున్నారు. నడక పాతదే, విరుపు ఆయనది.

రాజాం: ఫోర్కు టక్కున దూకుతోంది, రెండు వైపులా. కీ వదిలి చూస్తే బొత్తాం వైపు కొద్దిగా ఒరిగి ఉంది. అంటే జబ్బు నెల్లిమర్ల వారు చెప్పిందే కావచ్చు. కానీ విన్న మాటలో "లేదు" ఉందని మాత్రం గట్టిగా గుర్తు, "తప్పింది" కాదు.

టెక్కలి: చెప్పానుగా. చక్రం ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో చూశారా?