1975 పద్మినికి ఏ టైర్లు వేయించాలి? పాత రూపు కావాలి, వానలో భయం వద్దు

నల్లకుంట పద్మిని:

అందరికీ నమస్తే. మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని ఉంది, 1975 మోడల్. ఆయన పోయాక ఆరేళ్లు షెడ్డులోనే పడి ఉంది. ఈ ఏడాది ఇంజన్, బ్రేకులు చేయించి మళ్లీ రోడ్డెక్కించాను. టైర్ల దగ్గరికొచ్చి ఆగిపోయాను.

ఇప్పుడు ఉన్నవి 175/65 ఆర్14. నాన్న ఉన్నప్పుడే ఒక షాపులో "14 అంగుళాలే కదా సార్, కూర్చుంటుంది" అని వేసి పంపారు. గ్రిప్పు ఇంకా ఉంది గానీ పక్కలు నెర్రెలిచ్చాయి, గోరు దిగుతోంది. దానికన్నా ఎక్కువ బాధ కారు వాలకం. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య నా చెయ్యి మొత్తం దూరుతోంది. పంచె కట్టుకుని స్పోర్ట్స్ షూ వేసుకున్న పెద్దాయనలా ఉంది.

డిక్కీలో స్టెప్నీ మాత్రం పాతదే. డన్‌లప్ క్రాస్ ప్లై (రేడియల్స్ రాకముందు పాత రకం), 5.20-14. సన్నగా, పొడుగ్గా, ముచ్చటగా ఉంది. నాలుగూ అలాంటివే వెతికి వేయించాలా, రేడియలే వేయించాలా? రేడియల్ అయితే ఏ సైజు? మా అబ్బాయి వైట్ వాల్ (పక్కన తెల్ల పట్టీ ఉన్న టైర్లు) కావాలంటున్నాడు. వాడకం ఆదివారం ట్యాంక్‌బండ్ దాకా, ఏడాదికి రెండుసార్లు యాదగిరిగుట్ట. 60 దాటించను.

మార్క్ ఫోర్ మల్కాజిగిరి:

వైట్ వాల్ సంగతి ముందు తేల్చేద్దాం. రిమ్ముకీ టైరుకీ మధ్య దూర్చే తెల్ల రబ్బరు రింగులు దొరుకుతాయి. వద్దు. నా అంబాసిడర్‌కు వేశాను. లోపలికి మట్టి, నీళ్లు చేరి, టైరు పక్కకు రాసుకుని రాసుకుని నాలుగు నెలల్లో చుట్టూ గీత పడింది. పీకి పారేశాను. రేడియల్ పక్కలు అసలే పల్చన, వాటికి ఇంకా ప్రమాదం.

అయినా మీ నాన్నగారి పాత ఫోటోల్లో కారుకు తెలుపు ఉందా? లేకపోతే అబ్బాయికి ఫోటో చూపించండి, చాలు.

రాణిగంజ్ పాత కాపు:

తమ్ముడూ, రాణిగంజ్‌లో 31 ఏళ్లు టైర్లు విప్పి బిగించినవాణ్ని. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు, నాకు తీరికే తీరిక. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు నీ స్టెప్నీని లెక్కగట్టు. 5.20 అంటే వెడల్పు అంగుళాల్లో, మన మిల్లీమీటర్లలో 132. రిమ్ము నుంచి పైకి ఎత్తు ఎంతో ఆ రోజుల్లో టైరు మీద రాసేవాళ్లు కాదు. ఎత్తు దాదాపు వెడల్పంత ఉంటుందని అందరికీ తెలుసు. గాలి నింపి నిలబెట్టి టేపు పెట్టు, కింది నుంచి పైదాకా 610 మి.మీ. అటూ ఇటూ వస్తుంది. నీ 175/65 అంటే వెడల్పు 175 మి.మీ., ఎత్తు అందులో 65 శాతం; 14 అంగుళాల రిమ్ముతో కలిపి లెక్కేస్తే 583. అంటే కారు నేలకు దాదాపు 14 మి.మీ. దిగిపోయింది. నీ చెయ్యి దూరుతున్నది అందుకే. పైగా మీటరు కూడా ఐదు శాతం ఎక్కువ చూపిస్తుంది. నువ్వు 60 అనుకుంటున్నది 57 అన్నమాట. నష్టం లేదులే, నెమ్మదిగా పోయావు.

155/80 ఆర్14 దొరికితే 604 వస్తుంది. సన్నగా ఉంటుంది, నా ఓటు దానికే. దొరక్కపోతే 165/80 ఆర్14, అది 620. మారుతి స్విఫ్ట్‌కు వచ్చిన సైజే, ఏ షాపులోనైనా ఉంటుంది. కాకపోతే నాలుగూ ఒకేసారి కొనకు. ఒక్కటి ముందు చక్రానికి ఎక్కించి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పు. ఇద్దరు బరువైనవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి మళ్లీ తిప్పు. ఎక్కడా తగలకపోతే మిగతావి కొను.

పాత రూపు సంగతి. మన దేశంలో కార్లకు రేడియల్ తెచ్చింది జేకే వాళ్లు, 1977లో. నీ కారు 75ది, ఫ్యాక్టరీ నుంచి క్రాస్ ప్లై మీదే దిగింది, అందులో వాదన లేదు. కానీ మీ నాన్నగారు ఎనభైల్లో, తొంభైల్లో తిప్పినప్పుడు ఏమున్నాయి? కారు పుట్టిన రోజు టైరు ఒకటి, కారు బతికిన కాలపు టైరు ఇంకొకటి. నా కంటికి పాత వాలకం ఇచ్చేది టైరు మీది పేరు కాదు, సన్నదనం, ఎత్తు. పక్కన పెద్ద తెల్లక్షరాలు లేకుండా, గీతలు నిలువుగా ఉన్న డిజైన్ తీసుకో. నాలుగడుగుల దూరం నుంచి ఎవడూ కనిపెట్టలేడు. చౌమహల్లాలో నిజాం గారి 1912 రోల్స్ రాయిస్ నిలబడి ఉంటే చాలు, దానికి ఏ టైరైనా సరే. నీ బండి వానలో ఖైరతాబాద్ ఫ్లైఓవర్ దిగాలి.

ఇక జాగ్రత్తగా చదువు. రెండు రకాలూ కలపొద్దు. క్రాస్ ప్లైలో తాళ్లు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి, అందుకే మూల తిరిగేటప్పుడు టైరు మొత్తం మెలి తిరుగుతుంది. రేడియల్‌లో తాళ్లు అడ్డంగా ఉండి, పైన బెల్టు ఉంటుంది. పక్కలు వంగుతాయి గానీ అడుగు నేలను వదలదు. ముందు రేడియల్, వెనక క్రాస్ ప్లై వేశావనుకో, ముందు భాగం పట్టుకుంటుంది, వెనక భాగం జారుతుంది. తడి రోడ్డు మీద బండి గిర్రున తిరుగుతుంది. ఒకే ఇరుసుకు చెరొకటీ అసలే కుదరదు. అంటే ఆ ముచ్చటైన స్టెప్నీ నీకు పంక్చరు పడ్డ రోజు పనికిరాదు. ఐదో టైరు కూడా కొనాలి. దీనికి అందరూ మూలుగుతారు, నువ్వూ మూలుగు, కొను.

ట్యూబు తప్పదు. నీ రిమ్ములు ట్యూబ్‌లెస్ కోసం చేసినవి కావు, అంచున టైరును పట్టి ఉంచే గట్టు ఉండదు. రేడియల్‌కు సరిపడే ట్యూబు అని అడిగి తీసుకో. ట్యూబ్‌లెస్ టైరు లోపల చిన్న చిన్న కాగితం స్టిక్కర్లు అంటించి ఉంటాయి. కుర్రాళ్లు వాటిని పీకకుండానే ట్యూబు పెట్టేస్తారు. నెలలో ఆ అంచు ట్యూబును కొరుకుతుంది. నువ్వే చెయ్యి లోపల పెట్టి చుట్టూ తడిమి చూడు, స్టిక్కరు పీకించు, చాక్ పౌడరు చల్లించు. రిమ్ము తుప్పు వైరు బ్రష్షుతో గీకించి, బోల్టు రంధ్రాల చుట్టూ చీలిక ఉందేమో వెలుతురులో చూడు. యాభై ఏళ్ల ఇనుము.

మార్క్ ఫోర్ మల్కాజిగిరి:

పాత కాపు గారితో సగం ఏకీభవిస్తాను. నా అంబాసిడర్‌కు రెండు సెట్ల రిమ్ములున్నాయి. 5.90-15 క్రాస్ ప్లై సెట్టు ర్యాలీలకు, రేడియల్ సెట్టు మిగతా రోజులకు. క్రాస్ ప్లై మీద నడిపితే వచ్చే ఆనందం వేరండీ. పార్కింగులో స్టీరింగు తేలిగ్గా తిరుగుతుంది. పొద్దున్నే తీస్తే రాత్రంతా నిలబడ్డ చోట టైరు చదునై మొదటి కిలోమీటరు ధబ్ ధబ్ ధబ్. నైలాన్ తాళ్ల గుణం అది, వేడెక్కాక పోతుంది. రోడ్డు మీద గాడి ఎటు పోతే బండి అటు పోతానంటుంది. ఇప్పటివాళ్లకు అది జబ్బు, నాకు సంగీతం.

కానీ కొనేటప్పుడు మోసపోయాను, అది చెప్పాలి. "కొత్త సరుకు, గోడౌన్‌లో ఉండిపోయింది" అని ఒక షాపతను నాలుగు అంటగట్టాడు. కవరు కూడా తీయలేదు, నల్లగా మెరుస్తున్నాయి. భువనగిరి దాటాక కుడి వెనక టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె లేచింది. అప్పుడు తిప్పి చూస్తే టైరు ఎప్పుడు తయారైందో చెప్పే అంకెలు లోపలి వైపున ఉన్నాయి. పదకొండేళ్ల టైరు! నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే 2000కు ముందుది, దాని ధర అడగకుండానే వచ్చేయండి. మన ఎండలకు వాడని టైరు కూడా గట్టిపడిపోతుంది.

నల్లకుంట పద్మిని:

కాపు గారూ, గాలి ఎంత పెట్టాలి? నాన్న మాన్యువల్లో ఉన్నదే పెట్టొచ్చా?

రాణిగంజ్ పాత కాపు:

అది క్రాస్ ప్లైకి రాసింది తమ్ముడూ. రేడియల్‌కు దానికన్నా రెండు, మూడు పీఎస్ఐ ఎక్కువతో మొదలుపెట్టు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, పెట్రోలు బంకు దాకా ఎండలో నడిపి కాదు. అడుగున సుద్దముక్కతో అడ్డంగా గీత గీసి యాభై గజాలు పోనీ. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. మా గురువు నేర్పిన పద్ధతి, మిషన్లు రాకముందు. టైర్లు మార్చాక అలైన్‌మెంట్ మాత్రం తప్పకుండా చేయించు.

నల్లకుంట పద్మిని:

మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించాలి. 155 కోసం పది రోజులు తిరిగాను, దొరికిన రెండూ వేర్వేరు సంవత్సరాలవి. చివరికి 165/80 వేయించాను, ఐదు. ముందు ఒక్కటి ఎక్కించి, మా బావమరిదినీ పక్కింటి మేస్త్రీనీ కూర్చోబెట్టి స్టీరింగు తిప్పాను. లోపలి వైపు చిటికెన వేలు దూరేంత సందు మిగిలింది, తగల్లేదు.

స్టిక్కర్లు నిజంగానే ఉన్నాయి. రెండు టైర్లలో మూడు. బిగించే కుర్రాడు "ఏం కాదన్నా" అన్నాడు. పీకించాను.

నిన్న అమ్మను ఎక్కించాను. ఆమెకు ఏమీ చెప్పలేదు. కాలు పైకి పెట్టి, డోరు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, "మళ్లీ ఎత్తయిందేంట్రా, మీ నాన్నప్పుడు ఇట్లాగే మోకాలు నొప్పెట్టేది" అంది. లెక్కేశాను, పెరిగింది 18 మి.మీ.

50 దాటాక కొంచెం ఎడమకు లాగుతోంది. శనివారం అలైన్‌మెంట్‌కు తీసుకెళ్తున్నాను.