14 టన్నుల హైడ్రా క్రేన్ 4 టన్నుల జనరేటర్‌ని ఎందుకు ఎత్తట్లేదు? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి

నిజాంపేట ఫ్లాట్ 302 | మధ్యాహ్నం 1:50
ఉదయం ఎనిమిదిన్నర నుంచి రోడ్డు మీదే నిలబడి ఉన్నాను. మా అపార్ట్‌మెంట్‌కి కొత్త జనరేటర్ వచ్చింది. 250 కేవీఏ, సైలెంట్ డబ్బాతో కలిపి 3.8 టన్నులు. ప్లేటు మీద అంకె నేనే చదివాను. దించడానికి 14 టన్నుల హైడ్రా మాట్లాడాం. లారీ మీద నుంచి బాగానే లేపింది. లోపల పెట్టబోయేసరికి బజర్ మోగి బూమ్ (క్రేన్ చేయి) ఆగిపోతోంది. ఐదు సార్లు ప్రయత్నించి, ప్రతిసారీ మళ్లీ లారీ మీదే పెట్టాం. ఆపరేటర్ "సెన్సర్ పోయింది సార్, ఆ వైరు తీసేస్తే పనైపోతుంది" అంటున్నాడు. క్రేన్ ఓనర్‌కి ఫోన్ చేస్తే ఆయనదీ అదే మాట. సాయంత్రం దాటితే రెండో షిఫ్టు డబ్బులు కట్టాలి. బరువు చూస్తే కెపాసిటీలో మూడో వంతు కూడా లేదు. సెన్సర్ తీయించనా వద్దా?

బాలానగర్ రిగ్గర్ | 1:54
తీయించొద్దు. రేడియస్ ఎంత?

సేఫ్టీ ఆఫీసర్, రిటైర్డ్ | 2:03
ముందు ఆ క్రేన్ కాగితాలు అడిగారా? నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే రాశారు: ఎత్తే యంత్రాన్ని 12 నెలలకోసారి అర్హత ఉన్న వ్యక్తి పూర్తిగా పరీక్షించాలి, 5 ఏళ్లకోసారి బరువు పెట్టి టెస్ట్ చేయాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనాలి. మన దగ్గర అద్దె ఎంత అని అడుగుతారు, సర్టిఫికెట్ ఏదని ఒక్కరూ అడగరు. 2020 ఆగస్టు 1న విశాఖ షిప్‌యార్డ్‌లో కొత్త క్రేన్‌ని ట్రయల్ చేస్తుండగా కూలి 11 మంది చనిపోయారు. అంత పెద్ద చోటే అలా జరిగింది. వీధిలో పని అంటే ఇంకెంత జాగ్రత్త ఉండాలి? బెల్టుల మీద లేబుల్ ఉందా? డీ-షాకిల్ (బెల్టుని హుక్‌కి కలిపే ఇనుప కొక్కెం) మీద నంబర్ ఉందా? సిగ్నల్ ఇచ్చేది ఒక్కరేనా, నలుగురూ చేతులు ఊపుతున్నారా?

నిజాంపేట ఫ్లాట్ 302 | 2:09
సార్, కాగితాల సంగతి తర్వాత చూద్దాం, బండి ఇప్పుడు ఇక్కడుంది. బెల్టులు కొత్తవే, పసుపు రంగువి రెండు, 3 టన్నులవి. రేడియస్ అంటే బూమ్ పొడవేనా?

బాలానగర్ రిగ్గర్ | 2:11
కాదు. హుక్ నుంచి నేల మీదకి గుండు వేలాడదీసినట్టు అనుకోండి. అది పడే చోటు నుంచి క్రేన్ దాకా నేల మీద దూరం. ఎక్కడి నుంచి కొలవాలో ఆ బండి చార్ట్ (ఏ దూరంలో ఎంత ఎత్తొచ్చో రాసిన పట్టిక) మీదే ఉంటుంది.

పటాన్‌చెరు ఎరెక్షన్ | 2:20
అన్న కరెక్టుగా అడిగాడు. 14 టన్నులు అన్నది బూమ్ మొత్తం లోపలికి లాక్కుని, బరువు దాదాపు ముక్కుకి ఆనించి, గట్టి సమనేల మీద ఉన్నప్పటి మాట. నిండు బిందెను చంకన పెట్టుకుని వీధి చివరి దాకా నడుస్తాం. అదే బిందెను చేయి చాచి పట్టుకోమంటే పది అంకెలు లెక్కపెట్టేలోపు దించేస్తాం. బిందె బరువు మారలేదు, దూరం మారింది అంతే.
మీరు చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. క్రేన్ ఎక్కడ నిలబడింది? జనరేటర్ ఎక్కడ కూర్చోవాలి? మధ్యలో ఏముంది?

నిజాంపేట ఫ్లాట్ 302 | 2:31
క్రేన్ వీధిలోనే ఉంది. ఆరడుగుల కాంపౌండ్ గోడ దాటించి లోపల బెడ్ (సిమెంటు దిమ్మె) మీద పెట్టాలి. టేపు పెట్టి కొలిచాం, ముందు టైరు నుంచి బెడ్ మధ్యకి 6.5 మీటర్లు. బూమ్ రెండు ముక్కలూ బయటికి తీయాల్సి వస్తోంది. ఇది చెప్పాలని తోచలేదు, గోడ అవతల పెట్టడం మామూలే కదా అనుకున్నాను.
ఇంకొకటి. మూడోసారి బజర్ మోగినప్పుడు వెనక ఎడమ టైరు కింద పెట్టిన రాయి వదులైంది. అంతకు ముందు సుత్తితో కొట్టినా కదలని రాయి, హెల్పర్ కాలితో తంతే దొర్లిపోయింది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

బాలానగర్ రిగ్గర్ | 2:33
ఉంది. బండి వెనక లేచి ముందుకు ఒరుగుతోంది. బజర్ నిజమే చెబుతోంది. జనాన్ని దూరంగా పంపండి.

పటాన్‌చెరు ఎరెక్షన్ | 2:46
ఆ రాయి సంగతి చదివి గుండె ఆగినంత పనైంది అండీ. వెనక టైరు మీద బరువు తగ్గిందంటే తిరగబడటం మొదలైనట్టే.
లెక్క చూడండి. ప్లేటు మీద 3.8 టన్నులు అంటే డీజిల్ లేకుండానా? 400 లీటర్లు నింపి ఉంటే అదే 330 కిలోల పైన. హుక్, బెల్టులు, షాకిళ్లు కూడా క్రేన్ మోయాల్సిన బరువే. అన్నీ కలిపి 4.3 టన్నులు అనుకుందాం. 6.5తో గుణిస్తే 28 టన్ను-మీటర్లు. అంటే 2 మీటర్ల దూరంలో 14 టన్నులు ఎత్తినంత భారం. ఇది ఉజ్జాయింపే. బూమ్ సొంత బరువు కూడా ముందుకు వెళ్తుంది కాబట్టి చార్ట్ ఇంకా తక్కువే చూపిస్తుంది. పైగా బరువు పడగానే బూమ్ కొంచెం వంగి, రేడియస్ ఇంకో జానెడు పెరుగుతుంది. క్యాబిన్‌లో చార్ట్ చదివి అంకె పెట్టండి.

సేఫ్టీ ఆఫీసర్, రిటైర్డ్ | 2:52
క్రేన్ కాగితాల మీద రాసే ఒక మాట సరిదిద్దాలి. 14 టన్నులని "సేఫ్ వర్కింగ్ లోడ్" అనకూడదు. తయారీదారు ఇచ్చేది రేటెడ్ కెపాసిటీ. బెల్టుల మీద ఉండేది వర్కింగ్ లోడ్ లిమిట్. సేఫ్ వర్కింగ్ లోడ్ అంటే ఆ రోజు, ఆ చోట, ఆ పరిస్థితిలో ఎంత ఎత్తొచ్చో అది.

జీడిమెట్ల షెడ్డు | 2:58
సార్, ఇరవై ఏళ్లుగా హుక్ మీద, కాగితాల మీద ఎస్‌డబ్ల్యూఎల్ అనే చూస్తున్నాం. మీరు చెప్పిన నిబంధనల్లో కూడా సేఫ్ వర్కింగ్ లోడ్ అనే ఉంది. ఇప్పుడు కొత్తగా తప్పెలా అయింది?

సేఫ్టీ ఆఫీసర్, రిటైర్డ్ | 3:05
ఆ మాటే ఇక్కడ ప్రమాదం తెచ్చింది బాబూ. సేఫ్ అని రాసి ఉంటే ఎక్కడైనా సేఫ్ అనుకుంటారు. ఈయన అనుకున్నదీ అదే.

జీడిమెట్ల షెడ్డు | 3:08
పేరు మార్చితే రేడియస్ తగ్గదు కదా సార్.

నిజాంపేట ఫ్లాట్ 302 | 3:14
చార్ట్ స్టిక్కర్ మీద గ్రీజు మరకలు. డీజిల్ గుడ్డతో తుడిస్తే కింది వరస కనపడింది. బూమ్ పూర్తిగా చాచితే 6 మీటర్లకి 2.6 అని ఉంది. ఆ తర్వాత గడి చెరిగిపోయింది. అంటే 4 టన్నులు అసలు కుదరదా? ఆపరేటర్ ఇలాంటివి రోజూ ఎత్తుతానంటున్నాడు.

బాలానగర్ రిగ్గర్ | 3:16
కుదరదు. పంపించేయండి.

జీడిమెట్ల షెడ్డు | 3:24
హైడ్రాని నమ్మొద్దండీ. బరువు పట్టుకుని సమనేల మీద నడవడానికి చేసిన బండి అది. చాలా పెద్ద సైట్లలో పాత మోడళ్లని గేటు లోపలికే రానివ్వట్లేదు. ఒక 40 టన్నులది తెచ్చుకోండి, గొడవే ఉండదు.

బాలానగర్ రిగ్గర్ | 3:27
మళ్లీ టన్నులు! ఫోన్‌లో ఎన్ని టన్నుల క్రేన్ అని అడగొద్దు. 9 మీటర్ల రేడియస్‌లో, గోడ దాటే బూమ్ పొడవుతో ఎంత ఎత్తుతుందో అడగండి. ఆ చార్ట్ పేజీ ఫొటో పంపమనండి. తిరిగే క్రేన్‌కి దూరం టైరు నుంచి కాదు, తిరిగే కేంద్రం నుంచి. అందుకే 6.5 కాస్తా 9 అవుతుంది.

పటాన్‌చెరు ఎరెక్షన్ | 3:41
ఇంకో రెండు మాటలు. పెద్ద క్రేన్ వస్తే కాళ్లు చాచి నిలబడుతుంది. బండి 26 టన్నులు, బరువు 4.3, కలిపి 30 అనుకుంటే, బూమ్ ఒక మూలకి తిరిగినప్పుడు అందులో ముప్పావు వంతు దాకా ఒక్క కాలి మీదే పడొచ్చు. అంటే 22 టన్నుల పైన. కాలి కింద పాదం 40 సెంటీమీటర్ల చదరం అయితే చదరపు మీటరుకి 140 టన్నుల లెక్క పడుతుంది, మన వీధి సిమెంటు రోడ్డు పగులుతుంది. 1.2 మీటర్ల గట్టి ప్లేటు వేస్తే అదే 16 టన్నులకి దిగుతుంది. వాళ్లు తెచ్చే రెండు చెక్కముక్కలతో సరిపెట్టుకోవద్దు.
బెల్టులు వెడల్పుగా, చదునుగా సాగదీసి కట్టొద్దు. ఒక జత కాళ్లే (హుక్ నుంచి దిగే బెల్టు పాయలు) బరువంతా మోస్తున్నాయనుకుంటే, నేలకి 60 డిగ్రీల కోణంలో ఒక్కో కాలికి 2.5 టన్నులు వస్తుంది. 30 డిగ్రీలకి దిగితే ఒక్కో కాలికి మొత్తం 4.3 పడుతుంది. మీ పసుపు బెల్టు 3 టన్నులది. సైలెంట్ డబ్బా పక్కలు కూడా నొక్కుకుపోతాయి. స్ప్రెడర్ బీమ్ (బెల్టులు నిటారుగా దిగేలా పైన పెట్టే అడ్డ దూలం) అడగండి. పైన కరెంటు తీగలున్నాయా?

నిజాంపేట ఫ్లాట్ 302 | 4:20
హైడ్రాని పంపించేశాం. సగం అద్దె కోసం ఓనర్‌తో గొడవైంది, అది వేరే సంగతి. తీగలు వీధికి అటువైపు ఉన్నాయి. రేపటికి వేరే క్రేన్ మాట్లాడుతున్నాం, వాళ్లు వచ్చి చోటు చూసుకుంటామన్నారు. గేటు లోపల నిలబెడితే రేడియస్ తగ్గుతుంది కదా అని మా ప్రెసిడెంట్ గారి ఆలోచన. కాకపోతే గేటు దాటగానే సంపు ఉంది. థాంక్స్ అండీ అందరికీ.

బాలానగర్ రిగ్గర్ | 4:22
సంపు స్లాబు కారు కోసం వేసింది. దాని మీద చక్రం వద్దు, కాలు వద్దు. వీధిలో నిలబెట్టినా సంపు అంచు ఎంత దూరంలో ఉంది?

సేఫ్టీ ఆఫీసర్, రిటైర్డ్ | 4:35
రేపు వచ్చే క్రేన్ సర్టిఫికెట్ తేదీ చూడటం మరవకండి.

బాలానగర్ రిగ్గర్ | రాత్రి 9:10
302 గారూ, సంపు ఎటువైపు ఉందో చెప్పలేదు.