మలద్వార కండరానికి స్టెమ్ సెల్స్: హైదరాబాద్‌లో ఇవ్వొచ్చా, వద్దా?

ల్యాబ్_తార్నాక:
కాన్పులో మలద్వార కండరం చిరిగి, కుట్లు వేసినా మోషన్ ఆపుకోలేని వాళ్లకు కొవ్వులోంచి కణాలు తీసి అదే రోజు ఎక్కించొచ్చా అని ఇక్కడ పదే పదే అడుగుతున్నారు. వద్దు. పరిశోధనల్లో ఎక్కువగా వాడింది అది కాదు. తొడలోంచో ఛాతీలోంచో చిన్న కండరం ముక్క తీసి, ఎంజైముతో విడగొట్టి, అందులోని మయోబ్లాస్టులను (కండర పోగులుగా మారే కణాలను) కొన్ని వారాలు పెంచుతారు. వాటితోపాటే ఫైబ్రోబ్లాస్టులు (కండరం కాని, మచ్చలాంటి కణజాలం చేసే కణాలు) పెరిగి నిండిపోతే ఆ బ్యాచ్ పారేయాల్సిందే. అందుకే కండర కణాలను గుర్తుపట్టించే సీడీ56, డెస్మిన్ ప్రోటీన్లు చూస్తారు. బ్యాక్టీరియా, మైకోప్లాస్మా (అతి చిన్న బ్యాక్టీరియా), ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) పరీక్షలు అయ్యాకే ల్యాబ్ దాటనిస్తారు. ఆ తర్వాత అల్ట్రాసౌండ్‌లో చూస్తూ బయటి స్ఫింక్టర్‌లో (మలద్వారాన్ని మూసే బయటి కండరంలో) పలుచోట్ల ఇంజెక్షన్లు ఇస్తారు. కొవ్వును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి మధ్యాహ్నానికల్లా ఇచ్చేదానికి ఆ ఫలితాలు అంటగట్టకండి.

ఫిజియో_మలక్‌పేట:
కొవ్వు సంగతి ఒప్పుకుంటా. మయోబ్లాస్టులకైతే ఫలితం ఉంది కదా. 2018లో వచ్చిన ఫ్రెంచ్ ట్రయల్‌లో ఏడాదికి కణాలు అందినవాళ్లలో 58 శాతం మందికి మెరుగు కనిపించింది, ప్లాసిబోలో (కణాలు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ గుంపులో) 8 శాతమే.

ల్యాబ్_తార్నాక:
మొత్తం 24 మంది. మీ 58 శాతం అంటే 12లో 7, మీ 8 శాతం అంటే 12లో ఒకరు. ముందుగా పెట్టుకున్న గడువు 6 నెలలు. అప్పటికి లీకు తీవ్రత స్కోరు (ఎక్కువుంటే అంత అధ్వానం) కణాల గుంపులో 15 నుంచి 9కి, ప్లాసిబోలో 15 నుంచి 10కి తగ్గింది. తేడా లేదు.

ఫిజియో_మలక్‌పేట:
12 నెలలకు ప్లాసిబో మళ్లీ 14కి పోయింది, కణాల గుంపు 6.5కి దిగింది. అది చెప్పరేం? కణాలు అతుక్కుని పోగులవ్వాలి, వాటికి నరం అందాలి, ఆ తర్వాత బలం రావాలి. 6 నెలలు పెట్టుకోవడమే తప్పు.

కోఠి_స్టాఫ్‌నర్స్:
కాన్పు గదిలో కుట్లు వేసే ముందు మలద్వారంలో వేలు పెట్టి చూస్తే మలద్వార కండరం దాకా వెళ్లిన 3వ డిగ్రీ చిరుగు అప్పుడే దొరుకుతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కొలొరెక్టల్_నాంపల్లి:
నర్సమ్మ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిగతా ఇద్దరూ ఏ పేషెంటు గురించి మాట్లాడుతున్నారో చెప్పలేదు. తెలియకుండానే కారిపోతుంటే లోపలి స్ఫింక్టర్ దెబ్బతిందేమో చూడాలి. ఊరికే ఉన్నప్పటి బిగువు ఎక్కువభాగం దానిదే. అది మన అదుపులో లేని నునుపు కండరం. బయటి కండరంలో మయోబ్లాస్టులు వేస్తే ఆ బిగువు తిరిగొస్తుందనుకోవద్దు. అర్జెంటుగా వచ్చి ఆపుకోలేకపోతే బయటి స్ఫింక్టర్ కావచ్చు. కానీ ఆ కండరాన్ని నడిపే ప్యుడెండల్ నరం చచ్చుబడి ఉంటే కొత్త పోగులకు ఆజ్ఞ ఇచ్చేదెవరు? కండరం తెగిన పెద్ద ఖాళీలో మచ్చ మాత్రమే మిగిలితే కణాలకు అతుక్కోవడానికి కండరమే ఉండదు. ఎండోఅనల్ అల్ట్రాసౌండ్ (మలద్వారం లోపలినుంచి తీసే స్కాన్), మ్యానోమెట్రీ (బిగువు కొలిచే పరీక్ష) చేయించకుండా ఈ చర్చే అనవసరం. ముందు మోషన్‌ను గట్టిపరిచే లోపరమైడ్ మాత్రలు, కండరం బిగించడం చూపిస్తూ నేర్పే బయోఫీడ్‌బ్యాక్ ఉన్నాయి. ఖాళీ ఉంటే అంచులు ఒకదానిమీద ఒకటి వేసి కుట్టే స్ఫింక్టరోప్లాస్టీ ఉంది. దాని ఫలితం మొదట్లో బాగుండి 5-10 ఏళ్లలో చాలామందిలో జారిపోతుంది, నిజమే. అప్పుడు నడుము కింది సాక్రల్ నరానికి కరెంటు తగిలించే స్టిమ్యులేటర్ మిషన్. ముందు తాత్కాలిక తీగతో పరీక్షించి, లీకులు సగానికి తగ్గితేనే పర్మనెంటుది పెడతారు.

ఫిజియో_మలక్‌పేట:
ఆ మిషన్ ఖరీదు భరించేవాళ్లు ఎందరు సార్? మన ఊళ్లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటికి మూలకణాలతో చూపు తెప్పిస్తున్నారు. ఇక్కడ మాత్రం రూల్సా?

కొలొరెక్టల్_నాంపల్లి:
కంటి పైపొర పని కప్పి ఉంచడం, పారదర్శకంగా ఉండటం. తుమ్మినప్పుడు క్షణంలో బిగుసుకోవాల్సిన పని దానికి లేదు. ఆ పోలిక చెల్లదు.

ల్యాబ్_తార్నాక:
2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. రక్త సంబంధమైన ఆమోదిత జబ్బులకు తప్ప మిగతావన్నీ ట్రయల్‌లోనే, డబ్బు తీసుకోకుండా చేయాలి. మీరు దొడ్డిదారి అమ్మకాన్ని సమర్థిస్తున్నారు.

ఫిజియో_మలక్‌పేట:
అమ్మమని నేను ఎక్కడ రాశాను? పైకెళ్లి చదవండి! ట్రయల్ పెట్టమనే అంటున్నా. నేను ఒప్పుకోనిది ప్లాసిబో. ఒకామె తొడ కోసి, కణాలు పెంచి, వాటిని పక్కన పెట్టి ఆమెకు ఉత్తుత్తి ఇంజెక్షన్ పొడవడం అన్యాయం. ఏళ్లుగా పెళ్లిళ్లకు, బోనాలకు వెళ్లలేని మనిషి ఆమె.

ల్యాబ్_తార్నాక:
మీ అభ్యంతరం ఇదా? మొదటే చెప్పాల్సింది. ప్లాసిబో లేకపోయి ఉంటే 6 నెలలకు 15 నుంచి 9కి తగ్గగానే విజయమని చాటేవాళ్లం. క్రోన్స్ ఫిస్టులాకు (పేగు వాపు జబ్బుతో మలద్వారం పక్కన పడే రంధ్రానికి) దర్వద్‌స్ట్రోసెల్ అనే మూలకణాల మందును యూరప్ 2018లో ఆమోదించింది. 2023లో రెండో పెద్ద ట్రయల్‌లో అవి ప్లాసిబోను మించలేకపోయాయి. 2024లో మార్కెట్ నుంచి తీసేశారు. పోల్చుకోకుండా ఇస్తే మోసపోయేది ఆమే.

కొలొరెక్టల్_నాంపల్లి:
ప్లాసిబో వచ్చినవాళ్ల కణాలు ఫ్రీజ్ చేసి దాచి, గడువు అయ్యాక వాళ్లకే ఇవ్వొచ్చు. కరిగించాక ఎన్ని బతికాయో మళ్లీ లెక్కపెట్టాలి. ఈలోగా రెండు గుంపులకూ లోపరమైడ్, వ్యాయామాలు ఒకేలా ఉండాలి.

ఫిజియో_మలక్‌పేట:
అయితే గడువు 6 నెలలకు కుదించండి.

ల్యాబ్_తార్నాక:
6 నెలలకు తేడా కనపడదని మీరే వాదించారు. 12 ఉండాల్సిందే.

ఫిజియో_మలక్‌పేట:
సరే, 12. కానీ కణాలు తర్వాత ఇస్తామన్న మాట తెలుగు, ఉర్దూ రెండింట్లో సమ్మతి పత్రంలో ఉండాలి. ఆ ఏడాదంతా ప్యాడ్లు, మందులు, ఫ్రీజర్ ఖర్చు ఆమె మీద పడకూడదు. పెళ్లికి వెళ్లాల్సిన రోజు మాత్ర పెంచుకుంటే ట్రయల్ నుంచి తీసేయకూడదు.

కొలొరెక్టల్_నాంపల్లి:
పెంచుకోనివ్వండి. ఎన్ని మాత్రలు, ఏ రోజు అన్నది మాత్రం డైరీలో రాయాలి.