ఓడక్కుళల్ అనాలా, ఓడక్కుఴల్ అనాలా?

రెండు రోజులుగా ఒక మాట వదలడం లేదు. చిన్నప్పుడు ఏదో వారపత్రికలో మలయాళ కవి జి. శంకర కురుప్ గారి గురించి చదివాను. 1965 జ్ఞానపీఠం, మొట్టమొదటిది, ఆయనకే కదా. ఆ డబ్బులో కొంత తీసి 1968లో తన పుస్తకం పేరునే మలయాళ రచనలకు ఒక పురస్కారం పెట్టారు. ఆయన పోయిన ఫిబ్రవరి 2నే ఇస్తారు. ఆ పేరును పత్రికలో ‘ఓడక్కుళల్’ అని చూసినట్టు గుర్తు. నిన్న ఇంకోచోట ‘ఓడక్కుజల్’ అని ఉంది. ఏది రాయాలి? అసలు ఆ ఓడ ఏమిటి?

— మన ఓడ కాదండి, వెదురు. కుఴల్ అంటే గొట్టం, వేణువు. ‘కుజల్’ మాత్రం వద్దు. ఇంగ్లీషులో జడ్, హెచ్ చూసి తెచ్చుకున్న జ అది. కోజికోడ్ అని ఒక ఊరిని ఇప్పటికే పాడుచేశాం.

— ళ కూడా తప్పే. మలయాళంలో ళ వేరే ఉంది. ఴ మన శాసనాల్లో ఉన్న అక్షరమే, యూనికోడ్‌లోనూ చేరింది. వాడుకోకపోతే ఎలా?

— మాస్టారూ, నా ఫోన్లో అది డబ్బాలా కనిపిస్తోంది. తమిళం పేరులో వాళ్లు పలికేదీ ఆ అక్షరమే, అయినా మనం ళతోనే రాస్తున్నాం, ఎవరికి ఇబ్బంది?

— తమిళం పేరు, దాని సంగతి వేరు. మన సొంత మాటల్లో ఆ ధ్వని డ అయింది: కోఴి కోడి, ఏఴు ఏడు. మాట మొదటి హల్లుకు అతుక్కున్నచోట ర అయింది: పొఴుదు ప్రొద్దు, కీఴ్ క్రింద. ఆ లెక్కన కుఴల్‌కి మన ఇంటి చుట్టం క్రోవి. పిల్లనగ్రోవిలో ఉన్నది అదే. కాబట్టి తెలుగు చేసేటప్పుడు ‘వెదురుగ్రోవి’ అనండి, అక్షరం గొడవే ఉండదు.

— పురస్కారం పేరును అనువదిస్తారా అండీ? జ్ఞానపీఠాన్ని ఎవరైనా అనువదించారా? ఆ క్రోవి మాత్రం బాగా పట్టారు. కురుప్ గారి కవితలో మట్టిలో పడి ఉన్న వెదురుకు ఊపిరి పోసేది దేవుడే. అది నేరుగా టాగోర్ నుంచి వచ్చిందని నా నమ్మకం. గీతాంజలి మొదటి గీతంలోనే వేణువు ఉంది, కురుప్ గారు గీతాంజలిని మలయాళం చేశారు కూడా.

— టాగోర్ దాకా ఎందుకు? గురువాయూర్ కృష్ణుడు ఉన్న నేలలో వేణువును ఎవరో ఇవ్వాలా?

— మరి నేను ళ రాయనా? వ్యాసం రేపు పంపాలి.

— గీతాంజలి అన్నారు కాబట్టి అడుగుతున్నా. చలంగారు తన తెలుగులో అక్కడ వేణువు అన్నారా, పిల్లనగ్రోవి అన్నారా? నా ప్రతి అటక మీద ఉంది. రాత్రికి దించి చూస్తాను.