వైరల్ తగ్గి నెలలైంది, కడుపు మాత్రం కుదురుకోలేదు. మందులు కాకుండా ఇంకేం చేయొచ్చు?

గాలిపటం88:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. కొన్ని నెలల కిందట ఇంట్లో అందరికీ ఒకేసారి వాంతులు, విరేచనాలు, జ్వరం. వైరల్ అన్నారు. మిగతావాళ్లు వారం తిరిగేసరికి మామూలైపోయారు, నేను మాత్రం ఇంకా తేరుకోలేదు. జ్వరం లేదు, వాంతులు లేవు, కానీ ఏం తిన్నా కాసేపటికి కడుపులో ఒకటే గడబిడ, సాయంత్రానికి ఉబ్బిపోయి బెల్టు ఇంకో రంధ్రానికి మార్చుకోవాల్సి వస్తోంది. ఒకరోజు లూజ్ మోషన్స్, తర్వాత రెండు రోజులు అసలు ఉండదు. పాలు తాగితే మాత్రం గ్యారంటీగా బాత్రూమ్‌కి పరుగే.

రక్తపరీక్ష, మల పరీక్ష, స్కానింగ్ అన్నీ నార్మల్. డాక్టరు గ్యాస్ మాత్రలు రాసి, టెన్షన్ పడకండి అన్నారు. ఇక సలహాలకు కొదవలేదు, ఉపవాసం చేయమని ఒకరు, డిటాక్స్ జ్యూసులని ఇంకొకరు, ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్న మాత్రలు) అని మరొకరు. రక్తం ఇస్తే మీకు ఏ ఆహారాలు పడవో లిస్టు మొత్తం ఇచ్చేస్తాం అని ఒక ల్యాబ్ ప్రకటన కూడా చూశా. జీవితాంతం మాత్రలు మింగుతూ కూర్చోవాలని లేదు, అలాగని ఎవరో చెప్పిన దానికి డబ్బు తగలేయాలనీ లేదు. ఇది దాటి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

నిదానంగా_తింటా:

మీరు రాసిన ప్రతి లక్షణం నేనూ పడ్డదేనండి. దీనికి పేరుంది, పోస్ట్ ఇన్ఫెక్షియస్ ఐబీఎస్ అంటారు. ఐబీఎస్ అంటే పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా పేగు పనితీరు గాడి తప్పి నొప్పి, ఉబ్బరం, మోషన్ తేడాలు ఉండటం, ఇన్ఫెక్షన్ తర్వాత మిగిలేది ఈ రకం. కడుపు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో దాదాపు పది మందిలో ఒకరికి ఇలా మిగిలిపోతుంది. బ్యాక్టీరియాతో పోలిస్తే వైరస్ తర్వాత వచ్చినది త్వరగా తగ్గే అవకాశమే ఎక్కువ, కాబట్టి జీవితాంతం అని ఇప్పుడే అనుకోకండి. కెనడాలో వాకర్టన్ అనే ఊళ్లో 2000లో తాగునీరు కలుషితమై వేల మంది జబ్బు పడితే వాళ్లను ఎనిమిదేళ్లు గమనించారు. జబ్బు పడినవాళ్లలో రెండు మూడేళ్ల తర్వాత 28 శాతం మందికి ఐబీఎస్ ఉంటే, ఎనిమిదేళ్లకి అది 15 శాతానికి దిగింది. అది బ్యాక్టీరియా కేసు, అయినా సగం మంది దాకా బయటపడ్డారు.

టెస్టులు నార్మల్ అంటే ఏమీ లేదని కాదు. వైరస్ పోయినా పేగు గోడలోని నరాలు ఉలిక్కిపడుతూనే ఉంటాయి, ఇంతకుముందు తెలియని కాస్త గ్యాస్ కూడా ఇప్పుడు నొప్పిగా తెలుస్తుంది. పాల సంగతి వేరు. పాలలోని లాక్టోజ్‌ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగు లోపలి సన్నటి వేళ్లలాంటి మడతల కొసల్లో ఉంటుంది, ఇలాంటి వైరస్‌లు ముందు దెబ్బతీసేది ఆ కొసల్నే. అవి మళ్లీ పెరిగేదాకా పాలు పడవు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి ఇంకాస్త పడుతుంది.

నాకు పనికొచ్చినవి చెప్తాను: కొన్నాళ్లు పాలు మానేయడం, ఇసబ్‌గోల్ రోజుకో చెంచాతో మొదలుపెట్టి చాలా మెల్లగా పెంచడం (గ్లాసు నిండా నీళ్లతో, లేకపోతే ఉన్న ఉబ్బరానికి ఇంకాస్త తోడవుతుంది), పెప్పర్‌మింట్ ఆయిల్ క్యాప్సూల్స్. క్యాప్సూల్ పొట్టలో కాకుండా పేగులో కరిగే పూత ఉన్నదై ఉండాలి, నమిలి మింగకూడదు, గుండెల్లో మంట ఉన్నవాళ్లకు అది ఇంకా పెరగొచ్చు. భోజనాలు టైముకి, తిన్నాక పది నిమిషాల నడక. చూడ్డానికి చిన్నవే గానీ ఉబ్బరం మీద నాకు మాత్రల కంటే ఇవే బాగా పనిచేశాయి.

పళ్లెం_లెక్కలు:

నేను డైటీషియన్‌ని. పైన చెప్పినవి చాలావరకు సరైనవే, కానీ ఇసబ్‌గోల్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ముందు మీ ఇబ్బంది పొట్ట పైభాగంలోనా, కింద పేగుల్లోనా తేల్చుకోవాలి, ఎందుకంటే రెండిటికీ తిండి పద్ధతి దాదాపు తలకిందులు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, గంటలు గడిచినా తిన్నది అక్కడే ఉన్నట్టుండటం, వికారం, ఎప్పుడో తిన్నది వాంతిలో పడటం, ఇవి ఉంటే పొట్ట ఖాళీ అవడం నెమ్మదించిందేమో చూడాలి. వైరల్ తర్వాత ఇదీ వస్తుంది, గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. అలాంటివాళ్లకు పీచు, కొవ్వు ఎక్కువైతే ఇంకా బిగుసుకుంటుంది. కొంచెం కొంచెంగా, మెత్తగా, ద్రవాలుగా తినాలి. అదే నొప్పి బొడ్డు కింద ఉండి, మోషన్ అయ్యాక తేలికపడుతుంటే అది పేగు సంగతి, అప్పుడు ఇసబ్‌గోల్ లాంటి కరిగే పీచు మంచిదే. తవుడు లాంటి గరుకు పీచు మాత్రం వద్దు. ఆరోగ్యం పేరుతో రెండూ కలిపి తినేసి, పీచు నాకు పడదు అని తేల్చేసేవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు.

ల్యాబ్ లిస్టు గురించి. అలాంటి టెస్టులు ఎక్కువగా ఐజీజీ యాంటీబాడీలు (రోగనిరోధక వ్యవస్థ రక్తంలో తయారుచేసే ఒక రకం ప్రొటీన్లు) కొలుస్తాయి. మీరు తరచూ తినే ఆహారానికి అవి ఉండటం మామూలే, పడదనడానికి గుర్తు కాదు. చివరికి మీరు రోజూ తినేవే లిస్టులో కనిపిస్తాయి, అవన్నీ మానేసి బక్కచిక్కిపోతారు. ఇన్ఫెక్షన్ తర్వాత కొన్ని ఆహారాలు నిజంగానే పడకపోవడానికి వేరే కారణం ఉండొచ్చు. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2021లో నేచర్ పత్రికలో రాశారు: ఎలుకల్లో ఇన్ఫెక్షన్ సమయంలో తిన్న ఆహారాన్ని పేగు శత్రువుగా గుర్తుపెట్టుకుని, తర్వాత అదే ఆహారం వచ్చినప్పుడు అక్కడికక్కడే హిస్టమిన్ (అలర్జీలో విడుదలయ్యే రసాయనం) వదిలి నొప్పి తెప్పిస్తోందని. ఐబీఎస్ ఉన్న కొద్దిమంది మనుషుల్లోనూ పేగు గోడలో అలాంటి ప్రతిస్పందనే కనిపించింది. కానీ అది పేగులో జరిగేది, బయట రక్తం తీసి పట్టుకోగలిగింది కాదు.

పడనివి కనుక్కోవాలంటే ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీవాళ్లు రూపొందించిన లో ఫాడ్‌మ్యాప్ పద్ధతి ఉంది, అంటే పేగులో సరిగా అరగక పులిసి గ్యాస్ పుట్టించే పిండిపదార్థాలను తగ్గించడం. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, చిక్కుళ్లు, కొన్ని పండ్లు రెండు నుంచి ఆరు వారాలు ఆపి, తర్వాత ఒక్కో రకాన్నీ తిరిగి తెచ్చి చూడటం. అందరూ ఆపడం దాకా చేస్తారు, తిరిగి తేవడం దగ్గర భయపడి ఆగిపోతారు. అలా నెలల తరబడి ఉంటే పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకి తిండి కరువవుతుంది. బరువు ఇప్పటికే తగ్గినవాళ్లు ఒంటరిగా మొదలుపెట్టొద్దు. ఇంకో మాట, గోధుమ మానేసే ముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించుకోండి, మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు.

చేదుమాత్ర:

నాదో చిన్న మాట. హోలిస్టిక్ అంటే మనిషిని మొత్తంగా చూడటం, తిండి, నిద్ర, మనసు, నడక, మందు అన్నీ కలిపి. ఇప్పుడు ఆ పేరుతో ఎక్కువగా అమ్మేది డబ్బాలో పొడి. పేగుకి డిటాక్స్ అనేది లేదు, ఆ పని లివరు, కిడ్నీలు జీతం లేకుండా చేస్తున్నాయి. మూలికలన్నీ నిరపాయం కూడా కాదు, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వంటలో వేసే పసుపు గురించి కాదు నేను అనేది, దయచేసి దాని మీద గొడవకి రాకండి.

ప్రోబయోటిక్ అయితే నమ్మకం పెట్టుకోకుండా ఒక నెల వాడి చూడండి, తేడా లేకపోతే ఆపేయండి. అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2021 మార్గదర్శకాల్లో ఐబీఎస్‌కి దాన్ని సిఫారసు చేయలేదు, పెప్పర్‌మింట్‌నీ కరిగే పీచునీ మాత్రం చేసింది.

గాలిపటం88:

అందరికీ చాలా థ్యాంక్స్. నాది బొడ్డు కిందే, మోషన్ అయ్యాక కాస్త హాయి. వికారం లేదు. రాత్రి నిద్రలో లేవాల్సిన అవసరం రాలేదు. బరువు కొంచెం తగ్గింది, అది తినడానికి భయపడి తగ్గిందే అనుకుంటున్నా. ఘోరం ఏంటంటే పొద్దున. బయటికి వెళ్లాలి అనగానే మొదలు, చెప్పులు వేసుకున్నాక కూడా విప్పి మళ్లీ లోపలికి. సెలవు రోజు ఇంట్లో ఉంటే ఇంత ఉండదు. ఆ ముక్క చెప్తే డాక్టరు నవ్వి టెన్షన్ అన్నారు, ఒళ్లు మండింది. నొప్పి నిజంగానే ఉంది కదండీ?

మూడో_గది:

నిజంగానే ఉంది. టెన్షన్ అనేది కూడా అబద్ధం కాదు, చెప్పిన తీరే తప్పు. నరాల మధ్య కబుర్లు మోసే రసాయనం సెరటోనిన్, శరీరంలోని దానిలో 90 శాతం పైగా తయారయ్యేది పేగుల్లోనే, పేగుకీ మెదడుకీ మధ్య వేగస్ నరం ద్వారా కబుర్లు రెండువైపులా నడుస్తాయి. పేగు అప్పటికే చిరాకుగా ఉన్నప్పుడు హడావుడి తోడైతే పెద్దపేగు వేగంగా కదులుతుంది. పొద్దున నిద్రలేచాక, తిన్నాక పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే, మీకు అది అతిగా జరుగుతోంది, అంతే. మీరు ఊహించుకుంటున్నారని దానర్థం కాదు.

నాకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకునే మాటల చికిత్స) కొన్ని సెషన్లు బాగా పనిచేసింది. మొదట నాకేమైనా పిచ్చా అని మొండికేశాను గానీ, థెరపిస్టు నా బాల్యం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బయటికి వెళ్లే ముందు బాత్రూమ్ ఎన్నిసార్లు చెక్ చేసుకుంటాను, ఏ ఆహారం ఎందుకు మానేశాను, దార్లో నిజంగా ఎప్పుడైనా ఇబ్బంది అయిందా, ఇవే. పేగు మీద గురిపెట్టి చేసే హిప్నోథెరపీ కూడా ఉంది, పేరు వింటే నవ్వొస్తుంది కానీ ఐబీఎస్‌కి దాని మీద మంచి పరిశోధనే ఉంది.

థెరపీ దొరక్కపోతే ఊపిరితో మొదలుపెట్టండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టుకుని, కింది చెయ్యి మాత్రమే లేచేలా నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. చెప్పులు వేసుకున్నాక చేస్తే లాభం లేదు, నిద్ర లేవగానే మంచం మీదే చేయండి. అలారం కూడా కాస్త ముందుకు జరుపుకోండి, తిన్నాక బాత్రూమ్‌కి తీరిగ్గా వెళ్లే టైము ఉందని తెలిస్తే ఆ పరుగులో సగం తగ్గుతుంది.

పళ్లెం_లెక్కలు:

@గాలిపటం88 మీ జవాబుని బట్టి ఇసబ్‌గోల్ ప్రయత్నించొచ్చు. కానీ బరువు భయం వల్లే తగ్గిందని మీకు మీరే తేల్చేయకండి, డాక్టరుకి అంకెతో సహా చెప్పండి. ఈసారి వెళ్లినప్పుడు మల పరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ చేయలేదంటే అడగండి, పేగులో వాపు ఉందో లేదో చెప్తుంది. థైరాయిడ్ కూడా, వైరల్ తర్వాత అది కొన్నాళ్లు అతిగా పనిచేసి లూజ్ మోషన్స్, బరువు తగ్గడం రెండూ తెప్పించగలదు. నీళ్లలాంటి విరేచనాలే ఎక్కువైతే పిత్తరసం సరిగా తిరిగి పీల్చుకోకపోవడం అనే ఇంకో కారణం ఉంది, దానికి వేరే మందు ఉంది. మలంలో రక్తం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ థ్రెడ్ పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి.

పాలు తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఖాళీ కడుపున గ్లాసు నిండా తాగి చూడకండి. ముందు పెరుగు, అందులో లాక్టోజ్ తక్కువ. అది పడితే భోజనంతో పాటు పావు గ్లాసు పాలు, రెండు మూడు రోజులు చూసి అర గ్లాసు. పడకపోతే మళ్లీ కొన్ని వారాలు ఆగి చూడండి. ఈలోగా లాక్టోజ్ తీసేసిన పాలు దొరికితే అవి తాగొచ్చు.