భాష రాని పాటలకు గొంతు కలపడం ఎలా?

ఒక్క ముక్క అర్థం కాని భాషల్లో పాటలు వినడం నాకు బాగా అలవాటైపోయింది. ఆఫ్రికా పక్కన ఉన్న ద్వీప దేశం కేప్ వెర్దీ గాయని సెజారియా ఎవోరా పాడిన మోర్నాలు (అక్కడి నెమ్మదైన పాటలు), ఫాదో అనే పోర్చుగల్ విషాద గీతాలు, మాలీ దేశపు అలీ ఫర్కా టూరే పాటలు, ఎక్కువగా ఇవే. మాటలు తెలియవు కాబట్టి చెవి మిగతా వాటి మీదికి పోతుంది. ఫాదోలో గాయని కాస్త ఆగిందంటే చాలు, 12 తీగల పోర్చుగీసు గిటార్ వెంటనే జవాబు చెబుతుంది. ఒక్కోసారి పాట కన్నా ఆ జవాబు కోసమే వింటాను.

ఇప్పుడు చిక్కేమిటంటే, వినడంతో సరిపోవడం లేదు, పాడాలనిపిస్తోంది. చెవికి తోచినట్టు పాడితే అవి ఆ భాషలో మాటలే కావేమోనని అనుమానం. పోనీ లిరిక్స్ చూసి పాడదామంటే, పోర్చుగల్ వాళ్లు ఊనిక లేని అచ్చుల్ని సగం మింగేస్తారు. రాసింది రాసినట్టు చదివితే పాటతో కలవదు. దాదాపు ప్రతి మాటనీ అచ్చుతో ముగించే తెలుగు నోటికి ఇది మహా కష్టం! ఐస్‌లాండ్ బృందం సిగుర్ రోస్ 2002లో ఒక ఆల్బమ్ మొత్తం అర్థం లేని శబ్దాలతోనే పాడింది. దానితో మాత్రం నాకు ఏ టెన్షనూ లేదు.

ఇలా పాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందు చెవితో పట్టుకుని తర్వాత లిరిక్స్ చూస్తారా, మొదటి నుంచే చూస్తారా? తెలుగు లిపిలో రాసుకుంటే ఉపయోగమా, ఉచ్చారణ ఇంకా పాడవుతుందా? గొంతు కలపడానికి తేలికైన భాష ఏదైనా ఉంటే అదీ చెప్పండి.